కారు కింద ఆయిల్ చుక్క: కోవెంట్రీలో ఓ శనివారం

మా ఇంటి ఓనరు పెద్దాయన పొద్దున్నే టీ కంటే ముందు షెడ్డులోకి వెళ్తాడు. అక్కడ ఆయన కారు కింద ఒక అట్టముక్క పరిచి ఉంటుంది. దాన్ని బయటికి లాగి, కళ్లజోడు సర్దుకుని, రాత్రి ఎన్ని ఆయిల్ చుక్కలు పడ్డాయో లెక్కపెడతాడు. మూడు పడితే మామూలే. ఐదు పడితే ఆ రోజు టీ ఆలస్యం.

ఇంగ్లండ్‌లో కోవెంట్రీ అనే ఊళ్లో, రాడ్‌ఫర్డ్ అనే పేటలో, ఆ పెద్దాయన ఇంట్లో పైగది నాది. ఆటోమోటివ్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ చేయడానికి రాజమండ్రి నుంచి వచ్చాను. చదువు అయిపోయింది. వీసాలో నాలుగు నెలలు మిగిలాయి. ఇది మొన్న వేసవిలో ఓ శనివారం జరిగిన సంగతి.

ముందు ఊరి గురించి కాస్త చెప్పాలి. లేకపోతే ఆ చుక్కల విలువ తెలీదు.

చక్రాల ఊరు

మన తెలుగు పిల్లలకి కోవెంట్రీ అంటే యూనివర్సిటీ, ఫోల్స్‌హిల్ రోడ్డులో ఇండియన్ కిరాణా షాపులు, లండన్‌కి రైల్లో గంట ప్రయాణం. నాకూ మొదటి ఏడాది అంతే. తర్వాత తెలిసింది, మనం తొక్కే సైకిల్‌కి ఇప్పుడున్న రూపం ఇక్కడే వచ్చిందని. రెండు చక్రాలూ దాదాపు ఒకే సైజు, పెడల్ నుంచి వెనక చక్రానికి చైను. ఆ ‘రోవర్’ సైకిల్‌ని జాన్ కెంప్ స్టార్లీ 1885లో ఇక్కడే తయారుచేశాడు. సైకిళ్లు చేసిన చేతులే తర్వాత కార్లు చేశాయి. 1896లో డైమ్లర్ కంపెనీ మొదలైంది. పేరు జర్మన్ ఇంజనీరుది, ఫ్యాక్టరీ మాత్రం ఇక్కడి కాలువ పక్కన మూతపడిన ఓ నూలు మిల్లులో పెట్టారు.

సిటీ సెంటర్లో ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం ఉంది. 1997లో గంటకి 1,228 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తిన థ్రస్ట్ ఎస్‌ఎస్‌సీ అందులోనే ఉంది. నేల మీద అంతకంటే వేగంగా వెళ్లిన కారు ఇప్పటిదాకా లేదు. అందరూ దాని ముందే సెల్ఫీలు దిగుతారు, నేనూ దిగాను. కానీ ఆ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నదానికంటే ఎక్కువ నేర్చుకున్నది మా ఇంటి వెనక షెడ్డులో.

పెద్దాయన పదిహేనో ఏట రాడ్‌ఫర్డ్‌లోని డైమ్లర్ ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరాడు. ఇప్పుడు ఎనభై దాటాడు. ఆ ఫ్యాక్టరీ లేదు, ఆ స్థలంలో ఇళ్లు వచ్చాయి. ఆయన దగ్గర మిగిలింది 1954 నాటి డైమ్లర్ కాంక్వెస్ట్ ఒకటి. నల్లటి బాడీ, తోలు సీట్లు, ముందు గ్రిల్ పైన గీతలు గీతలుగా డైమ్లర్ గుర్తు. పన్నులు కలపని ధర 1,066 పౌండ్లు కాబట్టి, 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచిన సంగతి గుర్తొచ్చేలా ఆ పేరు పెట్టారని అంటారు.

తగలకుండా తిప్పేది

ఆ కారులో క్లచ్ లేదు. ఎడమ పక్కన పెడల్ ఉంది కానీ అది క్లచ్ కాదు.

మన మామూలు కారులో ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. ఒకదానికొకటి రాసుకుని పట్టుకుంటాయి. ఈ కారులో ఆ చోట రెండు గిన్నెలు ఎదురెదురుగా ఉంటాయి. బత్తాయి కాయని అడ్డంగా సగానికి కోస్తే తొనల గోడలు ఎలా కనిపిస్తాయో, ఒక్కో గిన్నె లోపల అలా రెక్కలుంటాయి. ఒక గిన్నె ఇంజన్‌ది, రెండోది గేర్‌బాక్స్‌ది. మధ్యలో సన్నటి ఖాళీ. రెండూ ఒకదానికొకటి తగలవు. ఆ ఖాళీలో ఉండేది ఆయిల్ మాత్రమే.

ఇంజన్ గిన్నె తిరిగితే ఆయిల్ అంచుకి విసిరినట్టు వెళ్లి ఎదుటి గిన్నె రెక్కల్ని కొడుతుంది, అదీ తిరగడం మొదలెడుతుంది. మజ్జిగ చిలికేటప్పుడు చూడండి. కవ్వం ఆపినా కాసేపు మజ్జిగ సుడి తిరుగుతూనే ఉంటుంది. ఆ సుడిలో ఇంకో కవ్వం పెడితే ఎవరూ తిప్పకుండానే అదీ కదులుతుంది. ఇక్కడా సూత్రం అదే. ఇంజన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు పట్టు తక్కువ, అందుకే కారు ఆగి ఉన్నా ఇంజన్ ఆగిపోదు. వేగం పెరిగేకొద్దీ పట్టు గబగబా పెరుగుతుంది.

దీన్ని ఫ్లూయిడ్ ఫ్లైవీల్ అంటారు. మూల ఆలోచన జర్మనీకి చెందిన హెర్మన్ ఫోటింగర్‌ది. 1905లో ఆయన పేటెంట్ తీసుకున్నది ఓడల కోసం. టర్బైన్ చాలా వేగంగా తిరుగుతుంది, ఓడ పంకా మెల్లగా తిరగాలి. ఆ రెండిటికీ మధ్య నీళ్లో నూనో మధ్యవర్తిగా ఉండాలన్నది ఆయన ఊహ. తర్వాత హెరాల్డ్ సింక్లెయిర్ అనే ఇంజనీరు లండన్ బస్సుల్లో బయలుదేరినప్పుడల్లా వచ్చే కుదుపులకి విసిగి, ఇదే పద్ధతిని రోడ్డు బళ్లకి తేవచ్చని పట్టుకున్నాడు. డైమ్లర్ వాళ్లు 1930లో దీన్ని తమ కార్లలో పెట్టారు. దానికి జంటగా వాల్టర్ విల్సన్ తయారుచేసిన గేర్‌బాక్స్ పెట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో తొలి ట్యాంకుల్ని రూపొందించిన ఇద్దరిలో ఈయన ఒకరు.

ఆ గేర్‌బాక్స్ తమాషా ఏంటంటే, స్టీరింగ్ దగ్గరున్న చిన్న మీటతో తర్వాత కావాల్సిన గేరు ముందే చెప్పి పెట్టుకోవచ్చు. అప్పుడేమీ జరగదు. మూల మలుపు వచ్చాక ఎడమ పెడల్ ఒక్కసారి పూర్తిగా తొక్కి వదిలితే, అప్పుడు ఆ గేరు పడుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో డైమ్లర్ చేసిన ‘డింగో’ అనే చిన్న సాయుధ వాహనంలోనూ ఇదే ఏర్పాటు. అయిదు గేర్లు ముందుకీ, అయిదు వెనక్కీ. లండన్ ఎర్ర డబుల్ డెక్కర్ రూట్‌మాస్టర్ బస్సుల్లోనూ ఇంజన్ పక్కన ఇలాంటి ఫ్లూయిడ్ ఫ్లైవీలే. ఇప్పుడు మన హైదరాబాద్ ట్రాఫిక్‌లో బ్రేక్ వదలగానే మెల్లగా పాకే ఆటోమేటిక్ కార్లున్నాయే, వాటిలో చాలావాటికుండే టార్క్ కన్వర్టర్ దీనికి దగ్గరి చుట్టమే.

లోటు ఒక్కటే. ఆయిల్ తగ్గితే పట్టు తప్పుతుంది. ఇంజన్ అరుస్తుంది, కారు మాత్రం కదలనని మొరాయిస్తుంది.

గుడ్డ ఎందుకో తెలీలేదు

ఆ వారం అట్టముక్క మీద ఏడు చుక్కలు. బుధవారం పెద్దాయన సరుకులకి వెళ్లొస్తుంటే, మా వీధి చిన్న ఎత్తు మీద కారు ఎగశ్వాస పెట్టింది. ఆదివారం ఆయనకి కెనిల్వర్త్ వెళ్లాలి. భార్య పుట్టినరోజు. ఆవిడ పోయి ఆరేళ్లయింది. అయినా ఆ రోజు కెనిల్వర్త్ కోట దగ్గరికి ఇదే కారులో వెళ్లి, ఓ అరగంట కూర్చుని రావడం ఆయన అలవాటు.

ఎప్పుడూ ఆయిల్ ఆయనే పోసుకుంటాడు. ఈసారి శనివారం మధ్యాహ్నం నా గది తలుపు తట్టాడు. “నీ చేతులు కాసేపు అప్పిస్తావా?” అన్నాడు. ఆయన కుడిచెయ్యి వణకడం నేను అంతకుముందే చూశాను, అడగలేదు.

షెడ్డులో పని ఇలా మొదలైంది. ముందు రోజు నుంచి కారు తియ్యలేదు కాబట్టి ఇంజన్ చల్లగా ఉంది. అది ముఖ్యం. వేడి మీద ప్లగ్ తీస్తే ఆయిల్ మొహం మీదికి చిమ్ముతుంది. తాళం చెవి తీసేశాం. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాలకి చెక్కముక్కలు అడ్డం పెట్టాం. ఈ కారుని గేర్లో వదిలేస్తే ఆగదు. ఇంజన్ ఆగితే ఆ రెండు గిన్నెలకీ సంబంధమే ఉండదు కదా.

ముందు సీటు దగ్గర కార్పెట్ ఎత్తి, స్క్రూలు విప్పితే ఓ రేకు మూత వచ్చింది. దాని లోపలి వైపు పెన్సిల్‌తో రాసిన తేదీలు. ఒకదాని కింద ఒకటి, ఎన్నో ఏళ్లవి. ఒక్కో తేదీ పక్కన ఎంత ఆయిల్ పట్టిందో కూడా ఉంది. పైన రాత నిటారుగా, కుదురుగా ఉంది. కిందికి వచ్చేకొద్దీ అక్షరాలు వంకరపోయాయి.

మూత కింద ఫ్లైవీల్ అంచు కనిపిస్తుంది. దాని మీద ప్లగ్. అది పైకి వచ్చేదాకా పెద్దాయన ముందు బంపర్ దగ్గర హ్యాండిల్ పెట్టి ఇంజన్‌ని మెల్లగా తిప్పమన్నాడు. మన ఊళ్లో పాత లారీలకి తిప్పేవాళ్లే, అలాంటిదే. పాత మాన్యువల్లో చెప్పిన చోట ప్లగ్ ఆగాలి. ఎందుకంటే ఆ కోణంలో ఉన్నప్పుడు రంధ్రం అంచుదాకా పోస్తే లోపల ఎంత ఉండాలో అంతే ఉంటుంది. నిండా పోయకూడదు. వేడెక్కితే ఆయిల్ ఉబ్బుతుంది, దానికి కాస్త ఖాళీ కావాలి. లేకపోతే సీల్ మీద ఒత్తిడి పడి ఇంకా ఎక్కువ కారుతుంది.

“ప్లగ్ చుట్టూ తుడువు. ఇసుక రేణువు కూడా లోపలికి పోకూడదు. తర్వాత ఈ గుడ్డ పెట్టు” అని ఒక గుడ్డ ఇచ్చి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లాడు.

నేను తుడిచాను. గుడ్డని భుజాన వేసుకున్నాను. చేతులు తుడుచుకోవడానికి ఇచ్చాడనుకున్నాను.

ప్లగ్ వదులైంది. రెండు వేళ్లతో తిప్పుతున్నాను. చివరి చుట్టు అయ్యాక వేళ్లకి ఆయిల్ అంటి జారింది. టంగ్‌మని ఒక చప్పుడు. ఇంకోటి కింద ఎక్కడో. ప్లగ్ గేర్‌బాక్స్ ముందున్న గంటలాంటి పెట్టెలోకి పడిపోయింది. దాన్ని అలాగే వదిలి ఇంజన్ స్టార్ట్ చేస్తే ఫ్లైవీల్ దాన్ని విసిరి కొడుతుంది. పెట్టె పగలొచ్చు. డెబ్బై ఏళ్ల నాటి పెట్టె, కొత్తది కొట్లో దొరకదు.

మాస్టర్స్ డిగ్రీ చేసిన ఇంజనీరుని. నా మొహానికి చెమట పట్టింది.

ఏడు గంటలు, రాజమండ్రిలో

నాకు తెలిసిన మెకానిక్ ప్రపంచంలో ఒక్కడే. మా నాన్న. ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాడు. హైదరాబాద్ బస్ భవన్‌లో దాచిన పాత ఆల్బియన్ బస్సు కథ, 1932లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో మొదలెట్టిన కథ, నా చిన్నప్పుడు అన్నం తినిపిస్తూ చెప్పేవాడు.

కానీ నాన్నకి వీడియో కాల్ చేసి మూడు నెలలైంది. ఆయన లెక్కలో నేను ఒక కార్ల కంపెనీలో ఇంజనీరుని. నిజానికి ఇంటర్వ్యూలు అయ్యాయి, ఉద్యోగం రాలేదు. రాత్రులు ఓ గోడౌన్‌లో పెట్టెలు సర్దుతున్నాను. మామూలు కాల్ అయితే మాటలతో దాటేయొచ్చు. మొహం చూపించి అబద్ధం ఆడటం చేతకాలేదు.

ఇక్కడ మధ్యాహ్నం రెండున్నర, అక్కడ రాత్రి ఏడు. వీడియో నొక్కాను.

“ఏరా నానా!” అంటూనే ఆయన మొహం మారింది. “ఏంట్రా ఆ చేతులు?”

చెప్పాను. చెప్తుంటే మధ్యలోనే అడిగాడు. “ఇంజన్ తిప్పావా?”

“లేదు.”

“తిప్పకు. తాళం ఎక్కడుంది?”

“జేబులో.”

“గుడ్డ పెట్టావా చుట్టూ?”

అప్పుడు అర్థమైంది. గుడ్డ చేతులకి కాదు, కింద పడకుండా ప్లగ్ చుట్టూ ఖాళీని మూయడానికి. నేనేం మాట్లాడలేదు. నాన్న కూడా తిట్టలేదు. “సరే, అందరికీ ఒకసారి పడుద్ది. టార్చి కొట్టి చూడు.”

ఫోన్ని టార్చిలా వంచి చూశాను. అడుగున ఓ మూల మెరుస్తోంది.

“సైకిల్ చువ్వ దొరుకుద్దేమో చూడు.”

సైకిళ్లు పుట్టిన ఊళ్లో సైకిల్ చువ్వకి కొదవా? షెడ్డు గోడకి పాత చక్రం వేలాడుతోంది. ఓ చువ్వ ఊడబీకాను. “కొస వంచు, కొక్కెంలా. దానికి గట్టి గ్రీజు ముద్దగా పెట్టు. మెల్లగా దించి ప్లగ్‌కి ఆనించి, తొందరపడకుండా ఎత్తు. గోడకి తగిలితే మళ్లీ జారిపోద్ది.”

మొదటిసారి జారింది. రెండోసారి సగం దాకా వచ్చి జారింది. ఇంతలో పెద్దాయన టీ కప్పులతో వచ్చాడు. నా మొహం, గుడ్డ నా భుజం మీద ఉండటం, ఫోన్లో ఓ తెలుగు పెద్దమనిషి, అన్నీ ఒక్క చూపులో చూశాడు. ఏమీ అనలేదు. కప్పులు కింద పెట్టి, ఫోన్ తీసుకుని నాకు వెలుగు పడేలా పట్టుకున్నాడు. వణుకుతున్న చేతికి రెండో చెయ్యి ఆనించి పట్టుకున్నాడు.

మూడోసారి వచ్చింది.

“వాషరు?” అన్నాడు నాన్న వెంటనే. చూశాను. ప్లగ్‌కి రాగి వాషర్ లేదు. “అదీ తియ్యి. రెండూ నీ చేతిలో ఉన్నాకే మిగతా మాట.” రాగి కాబట్టి అయస్కాంతానికి కూడా రాదు. మళ్లీ గ్రీజు, మళ్లీ చువ్వ. ఇంకో పావుగంట. అదీ వచ్చింది.

ఈసారి గుడ్డ చుట్టూ కూరి, గరాటు పెట్టి ఆయిల్ పోశాను. ఆగి ఆగి. ఓ టీ గ్లాసుకి కాస్త తక్కువ పట్టింది. అంచుకి వచ్చి పొర్లబోతుండగా ఆపాను. గేర్‌బాక్స్ ఆయిల్ వేరే, దాని జోలికి పోలేదు. ప్లగ్‌ని మొదట వేళ్లతోనే తిప్పమన్నాడు నాన్న. మర సరిగ్గా పట్టాకే స్పానర్. బిగించాను. గుడ్డ బయటికి తీసి, హ్యాండిల్‌తో ఇంజన్‌ని రెండు చుట్లు చేత్తో తిప్పి చూశాం. ఎక్కడా తగల్లేదు.

పెద్దాయన ఫోన్లోకి చూసి చెయ్యెత్తి దణ్ణంలాంటిది పెట్టాడు. నాన్న ఇంగ్లిష్‌లో “గుడ్ బండి సార్” అన్నాడు. ఇద్దరూ నవ్వారు. పెద్దాయన టీ చల్లారిపోయిందని లోపలికి వెళ్లాడు.

షెడ్డులో నేనూ నాన్నా మిగిలాం.

“నాన్నా, నాకా ఉద్యోగం లేదు” అన్నాను. “ఎప్పుడూ లేదు.”

కాసేపు ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

“తెలుసురా” అన్నాడు. “మూడు నెలల్నించి మొహం చూపించట్లేదు. లీకున్న బండి కింద గోనెపట్టా పరిచి దాచినట్టుంది నీ యవ్వారం. ముప్పై ఏళ్లు ఆ పనే చూశానుగా.” మళ్లీ ఆగాడు. “అప్పు ఎంత మిగిలింది?”

చెప్పాను. మొదటిసారి సరైన అంకె చెప్పాను. ఆయన గోడ మీద క్యాలెండర్ వైపు చూసి ఏదో లెక్క వేసుకున్నాడు. “అమ్మకి నేను చెప్తాను. నాలుగు నెలలుందన్నావుగా, గట్టిగా తిరుగు. దొరికితే ఉండు, దొరక్కపోతే వచ్చెయ్. ముందు ఆ రేకు మూత బిగించు, స్క్రూ ఒక్కటి కూడా మర్చిపోకు.”

కెనిల్వర్త్ దాకా

ఆదివారం పెద్దాయన పక్కన కూర్చుని నేనూ వెళ్లాను. దారిలో ఆయన కావాలనే కాస్త చుట్టు తిప్పాడు. కాలువ పక్కన, డైమ్లర్ పుట్టిన ఆ పాత మిల్లు వైపు. మిల్లు లేదు. పవర్‌హౌస్ భవనం ఒకటి మిగిలింది, దాన్నిప్పుడు కళాకారులు వాడుకుంటున్నారు. తర్వాత ఊరి మధ్యకి వచ్చాం. 1940 నవంబర్ 14 రాత్రి జర్మన్ విమానాలు ఈ ఊరి మీద గంటల తరబడి బాంబులు వేశాయి. ఐదొందల మందికి పైగా చనిపోయారు. సెయింట్ మైకేల్ కెథెడ్రల్ కాలిపోయింది. తర్వాత ఆ మొండిగోడల్ని పడగొట్టలేదు. వాటి పక్కనే కొత్తది కట్టి 1962లో తెరిచారు. పైకప్పు లేని పాత దాంట్లోంచి కొత్త దాంట్లోకి నడిచి వెళ్లొచ్చు. కోవెంట్రీ వస్తే మ్యూజియం కంటే ముందు అక్కడికి వెళ్లండి.

ఊరు దాటాక కెనిల్వర్త్ రోడ్డు, రెండు పక్కలా చెట్లు. పెద్దాయన మీటని నాలుగో గేరు మీద పెట్టి, పెడల్ తొక్కి వదిలాడు. కుదుపు లేదు. పడవ గట్టు వదిలినట్టుంది. ఎత్తు వచ్చింది. ఇద్దరం మాట్లాడ్డం ఆపి ఇంజన్ చప్పుడు విన్నాం. అరవలేదు. ఎక్కేసింది.

కోట ఎర్రరాతిది, సగం కూలినా ఇంకా ఠీవిగా నిలబడింది. ఆయన కారులోనే కూర్చుని అరగంట దాని వైపు చూశాడు. నేను కిందికి దిగి గడ్డి మీద కూర్చున్నాను. తిరిగి బయలుదేరే ముందు, “వచ్చే ఏడు నువ్వుంటావో లేదో” అన్నాడు. నాకూ తెలీదన్నాను. అబద్ధం చెప్పకపోవడం ఇంత తేలికని అప్పటిదాకా తెలీలేదు.

ఇంటికొచ్చాక కార్పెట్ ఎత్తి రేకు మూత విప్పమన్నాడు. ముందు రోజు తేదీ రాయడం మర్చిపోయాం. పెన్సిల్ నాకిచ్చాడు. ఆయన వంకర అక్షరాల కింద తేదీ వేసి, పక్కన ‘టీ గ్లాసుకి తక్కువ’ అని తెలుగులోనే రాశాను. అదేంటని అడిగి, చదివించుకుని, రెండుసార్లు తనూ పలికి చూశాడు.

సోమవారం పొద్దున అట్టముక్క మీద రెండు చుక్కలు. ఫొటో తీసి నాన్నకి పంపాను. పావుగంటలో జవాబు వచ్చింది.

“సీల్ అరిగింది. చలికాలం లోపు మార్పించు. నువ్వు తిన్నావా?”